పులి వంతు

పోయిన వారం తిరుపాలమ్మను పులికి ఎదురుగా నిలబెట్టి ఆగాం. ముదిగుబ్బకు పడమరగా ఉన్న బూరుగుకొండ మీద, కూలిపోయిన కోట బురుజు పక్కన ఒక చదునుబండ ఉంది. దాని మీద పులి-మేక ఆటకు ఎవరో ఏనాడో గీతలు చెక్కారు. మందలోంచి తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వచ్చిన తిరుపాలమ్మ ఆ గీతల మీద కాలు పెట్టింది. పెట్టిన మరుక్షణం కొండ లేదు, బురుజు లేదు. ఎటు చూసినా ఎర్రటి నేల, ఆ నేల మీద సున్నంతో గీసినట్టు తెల్లటి దారులు. దారులు కలుసుకునే కూడళ్ళలో అక్కడొకరు ఇక్కడొకరు మనుషులు. ఆమె కూడా ఒక కూడలిలో నిలబడి ఉంది. అందులోంచి కాలు బయట పెట్టబోతే కాలు లేవలేదు. నడినెత్తిన సూర్యుడు మేకు కొట్టినట్టు ఆగిపోయి ఉన్నాడు. ఎదుటి కూడలిలో పులి. ఆ పులి నోరు తెరిచి ఆమెను పేరు పెట్టి పిలిచింది.

"తిరుపాలూ!"

 తిరుపాలమ్మకు పారిపోవాలన్న తలపు కూడా రాలేదు, కాళ్ళు కదలవని తెలిసిపోయింది కనుక. పులినే చూస్తూ నిలబడింది. ఒళ్ళు పులిదే. చారలు పులివే. ఎండకు పెదవులు పగిలి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. కానీ ఆ పేరును చివర్లో సాగదీసి అలా పిలిచేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

"ఎనక్కి తిరిగి చూడాకు," అంది పులి. "నీ ఎనక కూడలి ఖాళీగా ఉండాది. నువ్వు చూస్తే నాకూ అటు చూడాలనిపిస్తాది."

"ఎవరు నువ్వు?"

"తెలిసే అడుగుతాండావు."

"నా నోటితో నేననను. నువ్వే చెప్పు."

పులి కాసేపు తల వంచుకుంది. "మారెప్పను," అంది.

మారెప్ప తిరుపాలమ్మకు మొగుడు, ఆమె తల్లికి తోడబుట్టిన తమ్ముడు కూడా. మేనమామను చేసుకుంది కాబట్టి అతని తల్లి బయమ్మ ఆమెకు అత్తా అయింది, అవ్వా అయింది. మూడేళ్ళ కిందట, చెట్టుకు ఆకు లేని ఎండాకాలంలో, జీవాలకు నాలుగు కొమ్మలు నరుక్కొస్తానని కొడవలి తీసుకొని బూరుగుకొండ ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. బెంగుళూరు కూలికి పోయినాడని ఊరంతా అనుకుంది. కరువులో మొగవాడు కనబడకపోతే ఎవరూ కొండలు వెతకరు. జీవాలను వదిలిపెట్టి నా కొడుకు యాడికీ పోడని బయమ్మ ఒక్కతే ఈ మూడేళ్ళూ వాదించింది.

తిరుపాలమ్మకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"మూడేండ్లు, మామా! మొగుడిడిసిపెట్టిందని ఊరు నన్ను వేలు పెట్టి చూపిస్తాంటే, నువ్వు ఈడ చారలు పెట్టుకొని కూచున్నావా?"

పులి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మూడేండ్లా?"

"మూడేండ్లు కాక?"

"నేనొచ్చి ఒక నెలై ఉంటాదనుకున్న్యా. ఈడ పొద్దు ఎప్పుడో గాని కదలదు. నేను దున్ని పెట్టొచ్చిన చేన్లో శెనక్కాయ యేసినారా?"

"యేసినాం. మొలిచి ఎండిపోయె. ఆ ఎనకేడు ఇత్తనమే పడలేదు. పోయినేడు రోడ్డు పనిలో కంకర కొట్టి బతికినాం, నేనూ అవ్వా."

"మా యమ్మ కంకర కొట్టిందా?"

"నన్ను కూచోబెట్టి తనే కొట్టింది, నాకు జొరమొచ్చిన దినాల్లో."

పులి ముందుకాళ్ళ మీద తల పెట్టేసింది.

ఎడమ పక్క కూడలిలోంచి ఒక ముసలాయన కేకేశాడు. "ఏమమ్మా! ఆ పులి మాట్లాడతాందా నీతో?"

ఆయన హనుమంతరాయుడు, పక్క ఊరి సేద్యగాడు. ఎద్దులకు మేత వెతుక్కుంటూ కొండెక్కి, తిరుపాలమ్మకంటే చాలా ముందే ఇందులో పడ్డాడు. ఆయనకు అవతల కూడలిలో ధర్మవరం పట్టుచీరలు నేసే లక్ష్మన్న నేలమీద చతికిలబడి ఉన్నాడు. బంధువుల ఊరికి వచ్చి, ఏమీ తోచక, పాత కోట చూసివద్దామని ఎక్కినవాడు. పుట్టినప్పటినుంచీ మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కావడంతో ఈ ఎండలో అందరికంటే ముందు వాడిపోయాడు.

"మాట్లాడతాందన్నా. పులి కాదు, మా మామ. మారెప్ప."

 హనుమంతరాయుడు పులి వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడకపోతివి కదప్పా!"

"మాట్లాడితే మీరు మనుషులని గుర్తొస్తాది," అన్నాడు మారెప్ప. "గుర్తొస్తే నేను కదల్లేను. నేను కదలకపోతే మీకు నీళ్ళు రావు."

తిరుపాలమ్మ వాళ్ళ మాటలు వింటోంది కానీ, ఆమె మనసు ఇంకో దారిన పోతోంది. పెళ్ళికి ముందు కొండమీద మంద కాస్తూ ఆ బండమీదే ఎన్ని వందల ఆటలు ఆడి ఉంటుందో. గులకరాళ్ళు మేకలు, పెంకులు పులులు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి తన పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక ఆటలోంచి పోతుంది. మేకలు పులి చుట్టూ చేరి ఎటూ కదలకుండా చేస్తే పులి ఓడుతుంది. ఇదంతా పిల్లలకు కూడా తెలుసు. ఆమె ఆలోచిస్తున్నది ఆట మొదలయ్యే తీరు గురించి.

"మామా, ఆటలో ముందు ఏం పెడతాం?"

"ఏం పెడతాం? పులుల్ని పెడతాం."

"ఆ తర్వాతనే గదా మేకలొచ్చేది, ఒక్కొక్కటి. అయితే నీకంటే ముందు ఈడికొచ్చినోళ్ళు ఇద్దరే ఉండాల. ఎవరు?"

మారెప్ప ఆలోచించాడు. "తిప్పేస్వామి. ఆ ఎనక శివప్ప. నేను మూడోవాన్ని."

"ముగ్గురూ ఒకే ఎండాకాలంలో పోయినారు. బెంగుళూరు పోయినారనే వాళ్ళనూ అనుకున్న్యారు." ఆమె పులి కళ్ళలోకి చూసింది. "మీరు ఏ పాపమూ చేసి పులులు కాలేదు మామా. ముందొచ్చినారు, అంతే. నేను నీకంటే ముందు కొండెక్కి ఉంటే నేనే పులిని."

హనుమంతరాయుడు కుడివైపు దూరంగా చూశాడు. అక్కడ రెండు కూడళ్ళలో రెండు పెద్ద గుండ్లు ఉన్నాయి. వాటి చుట్టూ అన్ని కూడళ్ళూ మనుషులతో నిండి ఉన్నాయి. జాగ్రత్తగా చూస్తే ఆ గుండ్ల మీద చారలు కనిపిస్తాయి. ఒక గుండుకు ఇంకా తోక ఉంది. దారి మూసుకుపోయిన పులులు మెల్లమెల్లగా రాయైపోయాయని ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. మూడో పులికి కూడా దారి మూసుకుపోతే ఆట ముగిసి తాము ఇళ్ళకు పోతామని వాళ్ళు నమ్ముతున్నారు. ఆ పులులు ఎవరన్నది మాత్రం ఈ క్షణం వరకూ ఎవరికీ తెలియదు.

"తిప్పేస్వామి మాకు వియ్యంకుడు," అన్నాడు హనుమంతరాయుడు. "ఆయన పక్క కూడలి నిండినప్పుడు నేను చప్పట్లు కొట్టినా తల్లీ. ఒక పులి అయిపోయిందని చప్పట్లు కొట్టినా."

 లక్ష్మన్న తన పాదాల దగ్గరున్న గుంటను వేళ్ళతో గీరుతున్నాడు. ప్రతి కూడలిలోనూ దోసిలి పట్టేంత గుంట ఒకటి ఉంది. వంతు మారినప్పుడల్లా అందులో నీళ్ళు ఊరతాయి. ఒక మనిషి కొత్తగా వచ్చి నిలబడితే అది మేకల వంతు. ఆ వెనక ఒక పులి కదలాలి. అది కదిలితే సూర్యుడు ఒక బెత్తెడు జరుగుతాడు, గుంటలు నిండుతాయి. అది కదలకపోతే అంతా అలాగే ఆగిపోతుంది. మేకలన్నీ వచ్చి చేరేదాకా మేకలకు కదిలే హక్కు లేదు. తిరుపాలమ్మ వచ్చి చాలాసేపయింది. పులి ఇంకా కదలలేదు.

"ఎవరైతే ఏందన్నా," అన్నాడు లక్ష్మన్న, తల ఎత్తకుండానే. అతని నాలుక మందంగా తిరుగుతోంది. "వంతు పులిది. కదలమనండి. నా గుంట అడుగంటి ఎంతసేపాయె. నేను చచ్చిపోతా."

"యాడికి కదలమంటావు?" అన్నాడు మారెప్ప. "నువ్వే చూసి చెప్పు."

హనుమంతరాయుడు చూశాడు. తిరుపాలమ్మ కూడా చూసింది. శివప్పకూ తిప్పేస్వామికీ దారి లేదు. మారెప్పకు నాలుగు పక్కలా మనుషులున్నారు. వాళ్ళలో ముగ్గురి వెనకా కూడళ్ళు నిండి ఉన్నాయి. ఖాళీ ఉన్నది ఒక్క తిరుపాలమ్మ వెనకే.

పులికి ఒకే ఒక దారి ఉంది. అది ఆమె మీదుగా పోతుంది.

"అందుకేనా ఎనక్కి చూడొద్దన్నావు?" అంది తిరుపాలమ్మ.

"అందుకే."

"నువ్వు ఇంతకుముందు ఎవరి మీదనన్నా దూకినావా?"

 మారెప్ప గొంతు నేలలోంచి వచ్చినట్టుంది.

"ఇద్దరి మీద. మొదటాయన ఎవరో ఎరగను. రెండో మనిషి మనూరి తిప్పయ్య. కళ్ళు మూసుకొని దూకినా. దూకేటప్పుడు ఒక పక్క చల్లగాలి కొట్టె. దిగి ఎనక్కి తిరిగి చూస్తే కూడలి ఖాళీ. తిప్పయ్య లేడు. నేను ఆయప్పను చంపేసినా తిరుపాలూ. ఆయప్ప మంద, మన మంద ఒకే చోట పడుకునేటివి. అట్లాంటోన్ని..."

"ఎవరు చంపినారు తిప్పయ్యను?"

"నేను."

"తిప్పయ్య ఇంటి కాడ అరుగు మీద కూచోనుండాడు. నేను నిన్న గూడా చూసినా."

పులి ఒక్కసారిగా లేచి నిలబడింది. ఆ ఊపుకు పక్క కూడలిలోని మనిషి భయంతో అరిచాడు.

"బతికుండాడా?"

"బతికుండాడు. బండకు కింద, కంపచెట్ల కాడ పడుంటే కట్టెలకు పోయినోళ్ళు మోసుకొచ్చినారు. వడదెబ్బ అన్న్యారు. కదిరి ఆస్పత్రిలో చూపించినారు. ఒంటికేమీ లేదు మామా. తింటాడు, నడుస్తాడు." తిరుపాలమ్మ ఆగింది. తాను చెప్పబోయేది తనకే అర్థమవుతూ వచ్చింది. "మనుషుల్ని ఎరగడు. పెండ్లాన్ని ఎరగడు. తన పేరేందో తనకు తెలీదు. ఎవరేమడిగినా నవ్వుతాడు."

మారెప్పకు సగమే వినబడింది. తిప్పయ్య బతికే ఉన్నాడన్న సగం. పులి కళ్ళలోంచి నీళ్ళు కారి ముక్కు మీదుగా దుమ్ములో పడ్డాయి. మూడేళ్ళుగా, తనకు నెలగా తోచిన ఆ కాలమంతా, మోసిన బరువు దిగుతుంటే అతను మనిషిలా వెక్కుతూ ఏడ్చాడు. పులి ఏడుపు చూడలేక హనుమంతరాయుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత రెండో సగం అతనికి చేరింది.

"అయితే నేను దూకితే నువ్వు ఇంటికి పోతావు," అన్నాడు. "పోయి, మా యమ్మ ఎదురుగా కూచుని నవ్వుతావు. నన్ను చూసినట్టు చెప్పలేవు. నన్నే ఎరగవు."

"అవును."

"దూకను."

"మామా..."

"దూకనంటే దూకను. తిప్పేస్వామి రాయి కాలేదా, శివప్ప కాలేదా? నేనూ ఈడనే రాయైపోతా. చూడు, అప్పుడే ఎనకకాలు బిగుసుకుంటాంది." అతను కాలు ఈడ్చి చూపించాడు. నిజంగానే మడమ దగ్గర వెంట్రుకలు పోయి, బూడిదరంగు గరుకు కనిపిస్తోంది. "మూడో పులి రాయైతే ఆట అయిపోతాది. మీరందరూ ఇండ్లకు పోతారు. అన్నీ గుర్తు పెట్టుకొని పోతారు. నువ్వు పోయి మా యమ్మతో చెప్పు, నీ కొడుకు బెంగుళూరు పోలేదని."

 వద్దని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరికి ఇల్లు లేదు? ఎవరికి దప్పిక లేదు? లక్ష్మన్న మెల్లగా తల ఎత్తాడు.

"ఆయనే ఒప్పుకుంటాంటే ఇంక మనదేముంది," అన్నాడు. ఆ తర్వాత తన మాటకు తానే సిగ్గుపడి, "నాకు చిన్నపిల్లోళ్ళుండారమ్మా," అన్నాడు.

తిరుపాలమ్మ అతని మీద కోప్పడలేదు. తన మనసులో కూడా ఒక క్షణం ఆ ఆశ మెదిలింది. ఇల్లు, అవ్వ, కుండలో నీళ్ళు. అన్నీ గుర్తుండగా ఇంటికి పోవడం. ఆ ఆశ ఎంత తియ్యగా ఉందో, అంత భయం వేసింది ఆమెకు. ఎటు తిరిగినా గోడే. మొగుడు దూకితే మొగుణ్ణి మరిచిపోతుంది. దూకకపోతే మొగుడు రాయవుతాడు. తనను ఇక్కడ నిలబెట్టినవాడెవడో గాని, అడుగు కూడా వేయలేని కూడలిలో నిలబెట్టి, ఆపై ఎంచుకోమంటున్నాడు.

ఆమె మళ్ళీ ఆట గురించే ఆలోచించింది. ఆమెకు తెలిసింది అదొక్కటే.

"హనుమంతన్నా, పులి ఎప్పుడు ఓడినట్టు?"

"కదల్లేనప్పుడు."

"కదల్లేనప్పుడా, కదలనప్పుడా?"

హనుమంతరాయుడు ఆమె వైపు చూశాడు.

"చిన్నప్పుడు మా చిన్నమ్మ కొడుకొకడు ఉండె. ఓడిపోతానని తెలిస్తే పులిని కదిలించకుండా చేతులు కట్టుకొని కూచునేటోడు. నేను గెలిచినా అంటే ఒప్పుకునేటోడు కాదు. పులికి దారుండాది గదా, నువ్వెట్ల గెలుస్తావు అనేటోడు. వాడు చెప్పింది నిజమే. దారుండి కదలకపోతే అది ఓటమి కాదు. వంతు అట్లనే ఉంటాది. మేము గొర్రెలు తోలుకొని ఇంటికి పోయేటోళ్ళం, ఆట బండమీద అట్లనే ఉండిపోయేది." ఆమె ఊపిరి తీసుకుంది. "శివప్పకు దారి లేదు. తిప్పేస్వామికి దారి లేదు. వాళ్ళు ఓడినారు. మా మామకు దారుండాది. నా ఎనక ఖాళీ ఉన్నన్ని దినాలూ దారుండాది. ఆయప్ప రాయైతే, రాయి ఇంక ఎప్పుడు కదలాల? వంతు ఎప్పుడు మారాల?"

 "వంతు మారకపోతే పొద్దు కదలదు," అన్నాడు హనుమంతరాయుడు మెల్లగా. "నీళ్ళు రావు. కొత్త మనిషి గూడా రాడు. మేకల వంతు కానప్పుడు ఆ బండమీద ఎవరు తొక్కినా ఏమీ కాదు. నేను ఎన్నిసార్లు తొక్కలేదు దాన్ని! ఇందులో పడిన దినం వరకూ ఏమైంది నాకు?"

"ఇట్లనే ఎండలో నిలబడి ఉంటాం," అంది తిరుపాలమ్మ. "అందరం. ఎప్పటికీ."

 మారెప్పకు అర్థమైంది. తనకు మిగిలిన ఒక్క త్యాగం కూడా ఆట ఒప్పుకోదని అర్థమైంది.

"దూకు మామా."

"నా చేత కాదు."

"దూకు. నేను చావను. ఇంటికి పోతా. నేను ఆ బండకు కింద పడుంటే అవ్వ నా కాడికే వస్తాది. రాకపోతే నన్నెతుక్కుంటా పైకెక్కి బండ తొక్కుతాది. ఇప్పటికే వెతుకుతా ఉంటాదేమో! మనం ఈడ మాట్లాడుకుంటాంటే ఆడ ఎన్ని దినాలు పోయినాయో ఏమో."

"నన్ను మర్చిపోతావే."

"మూడేండ్లు గుర్తు పెట్టుకొని ఏం సుఖపడినాలే," అంది తిరుపాలమ్మ, నవ్వబోయి ఏడ్చింది. "నువ్వు రాయి కావాకు. అంతే నేనడిగేది. నువ్వు కదులుతా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక దారి దొరుకుతాది. రాయికి ఏ దారీ ఉండదు."

పులి తలూపింది. తర్వాత, "అమ్మకు ఎట్ల తెలియాల మరి?" అని అడిగింది. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగింది.

తిరుపాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "తిప్పయ్య మనుషుల పేర్లన్నీ మర్చిపోయినాడు గాని, వీధిలో మంద పోతాంటే నోరు ఊరుకోదు. మందను పిలిచే వాని కూత వాడు వేస్తాడు. అచ్చం మునుపు లాగానే. పేర్లు పోతాయేమో గాని కూతలు పోవు మామా. నీ కూత నాకు నేర్పు. అవ్వ ఇంటే చాలు, ఎవరిదో ఆమెకు తెలుస్తాది."

మారెప్ప కూత మందల మధ్య కూడా వేరుగా వినిపించేది. రెండుసార్లు కిందిస్థాయిలో, మూడోసారి పైకెగసి చివర పగిలిపోయేది. ఆ పగిలే చోట ఎంత దూరానున్న గొర్రె అయినా తల ఎత్తేది. ఇప్పుడు పులి గొంతుతో వేయబోతే గాండ్రింపే వచ్చింది. అవతల కూడళ్ళలో మనుషులు చెవులు మూసుకున్నారు. చివరికి తిరుపాలమ్మే వేయడం మొదలుపెట్టింది.

"హో... హో... హుర్ర్‌ర్‌ర్!"

"అట్ల కాదు. రెండోదానికి ఊపిరి మిగుల్చుకో."

"హో... హో... హుర్ర్‌ర్‌ర్!"

"ఇంకా పైకి."

నీళ్ళు లేని గొంతు. పగలమని చెప్పకుండానే పగిలింది. లక్ష్మన్న తన గుంట అడుగున మిగిలిన తడిని గుడ్డకు అద్ది, హనుమంతరాయుడికి విసిరాడు. ఆయన దాన్ని తిరుపాలమ్మకు విసిరాడు. ఆమె ఆ గుడ్డను పెదవులకు రుద్దుకొని మళ్ళీ మొదలుపెట్టింది. ఆలోచించి వేసే కూత కాకుండా, ఆవలింత వచ్చినట్టు దానంతటది వచ్చేదాకా వేసింది.

"చాలు," అన్నాడు మారెప్ప చివరికి. "అది నాదే."

"అయితే దూకు. నేను కళ్ళు మూసుకోను. నువ్వు గూడా మూసుకోవాకు."

పులి వెనకకాళ్ళ మీద ఒదిగింది. బిగుసుకున్న కాలు ఒకసారి జారింది. రెండోసారి నేల తన్నింది.

మొదట నీడ పడింది. ఎంతసేపటి నుంచో ఆమెకు కరువైన నీడ. దాని వెంట చల్లగాలి, గాలిలో వాన పడే ముందు వచ్చే మట్టివాసన. పైన పులి పొట్ట, పొట్ట మీద తెల్లటి వెంట్రుకలు, ఒక పక్క కిందికి తనవైపే చూస్తున్న కన్ను. ఎక్కడో నీళ్ళు ఊరిన చప్పుడు. ఎవరో ఆబగా తాగుతున్న చప్పుడు. ఆ తాగుతున్నవాడు ధర్మవరం మనిషి. అతని పేరు ఇప్పటిదాకా తెలుసు. ఇప్పుడే ఉండె. ముసలాయన పేరు కూడా. పైన దూకుతున్నవాణ్ణి పట్టుకోవాలని చెయ్యి చాచింది. వాణ్ణి ఏమని పిలవాలో నాలుక చివర ఉంది. నాలుక చివర కూడా లేదు.

తరువాత ఆకాశం.

ఒక ఆడమనిషి కంపచెట్ల పక్కన వెల్లకిలా పడి ఆకాశం చూస్తోంది. మెల్లగా లేచి కూర్చుంది. మోచేతికి ముల్లు గుచ్చుకుంటే పీకి పారేసింది. పైన ఒక చదునుబండ, దానికి అవతల కూలిన గోడ. పొద్దు వాలుతోంది. ఆమెకు బాగుందనిపించింది. ఎందుకో నవ్వు వచ్చింది.

గోడ పక్కనుంచి ఒక ముసలామె వచ్చింది. జుట్టంతా తెల్లబడిపోయింది. నడుము వంగిపోయి, కర్ర మీద ఆనుకొని నడుస్తోంది. కిందున్న మనిషిని చూసి ఆగింది. కర్ర వదిలేసి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"తిరుపాలూ! ఓ తల్లీ! యాడికి పోయినావే? వానాకాలం పోయి చలికాలమొచ్చె కదే!"

ఆ మాటలు తనకేనని కిందున్న మనిషికి తెలియలేదు. ఎవరో ముసలామె ఎవరినో పిలుస్తోంది. పాపం, ఏడుస్తోంది కూడా. ముసలామె బండ అంచు పట్టుకొని, చుట్టూ తిరిగి, కిందికి దిగే కాలిదారి వైపు నడవడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కొక్క అడుగూ చూసుకొని వేస్తోంది. ఇంకొంచెం నడిస్తే బండ దాటిపోతుంది.

అంతలో కింద లోయలోంచి ఒక మంద ఇంటికి మళ్ళింది. గొర్రెల మెడల్లో గంటలు వినబడ్డాయి. కిందున్న మనిషి నోరు దానంతటది తెరుచుకుంది.

"హో... హో... హుర్ర్‌ర్‌ర్!"

ముసలామె ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె మొహంలోని ప్రతి ముడతా కదిలింది.

"మారెప్పా!" అంది. "ఎవరే ఆ కూత నీకు నేర్పింది? వాన్ని యాడ చూసినావే?"

ఇక చుట్టూ తిరిగి రావడానికి ఆమెకు ఓపిక లేదు. బండకు అడ్డంగా, తిన్నగా, వంగిన నడుముతోనే పరుగెత్తింది. చెక్కిన గీతల మీద ఆమె కాలు పడింది.

తెల్లటి దారుల నేలలో మారెప్ప అప్పుడే దిగి వెనక్కి తిరిగాడు. తిరుపాలమ్మ నిలబడ్డ కూడలి ఖాళీగా ఉంది. దానికి అవతల, తాను ఇందాక నిలబడ్డ కూడలీ ఖాళీగానే ఉంది. చూస్తుండగానే మధ్యలోని ఖాళీలో రెండు పాదాలు కనబడ్డాయి. మడమలు పగిలి, కంకర రాళ్ళకు గోళ్ళు చితికిన పాదాలు. వాటిమీద ఒక పాత చీర అంచు. దానిపైన బయమ్మ.

హనుమంతరాయుడు చేతులతో మొహం కప్పుకున్నాడు.

బయమ్మ చుట్టూ చూసింది. గీతలు చూసింది, మనుషుల్ని చూసింది, అడుగు దూరంలో రొప్పుతూ నిలబడ్డ పులిని చూసింది. ఆమెకు భయం వేయలేదు. చెయ్యి ఊపి, మందకు అడ్డం వచ్చిన పశువును అదిలించినట్టు దాన్ని అదిలించింది.

"పక్కకు జరుగు," అంది. "నా కొడుకు ఈడనే యాడో పిలిచినాడు."